కృష్ణుడు లేని విశ్వరూపం

నగర్తపేటలో నాటకాల తెరలకు బొమ్మలు వేసే నంజప్ప నోట జనం ఎక్కువగా విన్న మాట ఒకటే. వద్దు. రంగు కలిపేవాడితో "అంత నీలం వద్దు." బట్ట బిగించేవాడితో "ఆ మూల లాగొద్దు." మెట్లకు గీతలు కొట్టేవాడితో "ఆడ గీత వద్దు, తుడిచెయ్." ఏం కావాలో మాత్రం చచ్చినా చెప్పడు. కావలసింది ఆయన చేతిలో ఉంటుంది. ఆ చెయ్యి వచ్చి వేసుకుంటుంది. మిగతావాళ్ళు దానికి అడ్డం రాకుండా ఉంటే చాలు. ఆయనకు పని నేర్పినవాళ్ళూ అట్లాగే నేర్పారట. అదొక పద్ధతి. అందులో తప్పు పట్టడానికి మనమెవరం?

పనిలో ఉన్న అలవాటు ఇంట్లో మాత్రం ఊరుకుంటుందా? కూతురు రంజితకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెవిన పడింది ఇదే. వానలో తిరగొద్దు. ఆ కాలేజీ వద్దు. మడివాళ దాకా ఉద్యోగానికి పోవద్దు, ఆ బస్సుల్లో ఊపిరాడదు. ఆ పిల్ల అన్నింటికీ ఊ కొట్టి అన్నీ చేసింది. చేశాక ఆయన కోప్పడేవాడు కాదు. బాగుందని కూడా అనేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి.

అట్లాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో రేణుకమ్మ కాఫీ గ్లాసు నిండా పోయడం మానేసింది. తర్వాత చొక్కా బొత్తాలు తనే పెట్టసాగింది. డాక్టరు మందులు రాశాడు. మందులు వాటి దారిన అవి నడుస్తున్నాయి, చెయ్యి దాని దారిన అది వణుకుతోంది. నంజప్ప కుంచెలు కడిగి, మూటగట్టి, పనిచేసే షెడ్డుకు తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు.

అదీ సర్దుకునేవాళ్ళే. కానీ ఆయన వద్దు అనడం కూడా మానేశాడు. రేణుకమ్మ కావాలనే సాంబారులో ఉప్పు ఎక్కువ వేసి చూసింది. తిని లేచాడు. టీవీ సౌండు పెంచి చూసింది. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పుట్టి పెరిగిన ఇంట్లో ఆ ఒక్క మాట వినపడకపోతే ఎంత భయమేస్తుందో రంజితకు అప్పుడు తెలిసింది. నాయిన ఎక్కడికో పోతున్నాడు, చెయ్యి పట్టి వెనక్కి లాగేవాళ్ళు లేరు అనిపించేది ఆమెకు.

ఆ రోజుల్లోనే చందాపుర నుంచి బసవరాజు వచ్చాడు. అక్కడొక ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేస్తాడు. ఏడాదికోసారి ఫ్యాక్టరీవాళ్ళంతా కలిసి వేసే రాయబారం నాటకంలో అతనే కృష్ణుడు. కౌరవసభలో కృష్ణుణ్ణి కట్టెయ్యబోతే ఆయన విశ్వరూపం చూపిస్తాడే, ఆ ఘట్టం కోసమే జనం వస్తారు. ఆ ఘట్టానికి వెనకాల ఎప్పుడూ దిగేది నంజప్ప తెర. ఆ తెరలో ఒక గొప్పతనం ఉండేది. అందులో కృష్ణుడు ఉండడు. సభ అంతా గీసి, నడుమ జాగా వదిలేసేవాడు. ఆ జాగాలో బసవరాజు నిలబడితే బొమ్మ పూర్తయ్యేది.

"అన్నా, నీ తెర మొన్న వానలకు నాని బూజు పట్టిపోయింది కదా. ఈసారి కమిటీవాళ్ళు ఎల్‌ఈడీ గోడ మాట్లాడినారు" అన్నాడు బసవరాజు, కూర్చోకుండానే. "అడవికి బొమ్మ దొరికింది, అంతఃపురానికి దొరికింది. అన్నీ రెడీమేడే. విశ్వరూపమే చిక్కు పడిండాది. ఇదో, చూడు."

ఫోన్‌లో చూపించాడు. బొమ్మ నిండా కృష్ణుడే. తాటిచెట్టంత ఎత్తు, కండలు తిరిగిన భుజాలు, లెక్కలేనన్ని తలలు.

"ఈయప్ప ఇట్ల ఉండాడు. ముందర నేను నిలబడల్ల, నేనేమో ఇట్లుండా" అని తన బొజ్జ తడుముకున్నాడు. "ఇద్దురు కృష్ణుల్లో జనం ఎవుర్ని సూస్తారు? నన్ను సూసి నవ్వుతారన్నా. నీ తెర ముందర నిలబడితే నాకే ఒళ్ళు జలదరించేది. అట్లాంటిది ఒకటి కావల్ల."

నంజప్ప కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. అది గాలిలో వణుకుతూ ఉంటే బసవరాజు తల దించుకున్నాడు.

వంటింట్లోంచి రేణుకమ్మ అందుకుంది. "మా పాప ఆఫీసులో చేసేది అదే పని కదప్పా. మాటలు చెప్తే బొమ్మ వస్తాదంట. ఈయన చెప్తాడు, అది చేస్తాది. నువ్వు పోయి పద్యాలు సూసుకో."

రంజిత తండ్రి వైపు చూసింది. ఆయన వద్దు అనలేదు. ఇదివరకైతే ఆ మాత్రానికి సంతోషపడేది.

ఆమె చేసే పని సంగతి చెప్పాలి. మంచాలు, సోఫాలు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీకి బొమ్మలు తయారుచెయ్యడం. మంచం నిజమే, దాని చుట్టూ ఉండే గది మాత్రం ఏఐ వేసిచ్చేది. పొద్దుటి ఎండ, తెల్లగోడ, పల్చటి పరదా, కిటికీలో తులసికుండీ అంటూ ఆమె మాటలు ఏరి పేరుస్తుంది. ఏ మాటకు ఏ వెలుతురు వస్తుందో, ఏ మాటకు గది చల్లగా కనపడుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆఫీసులో వాటిని కీవర్డులంటారు. ఆ కీవర్డుల దగ్గర రంజిత గట్టిది, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

శనివారం లాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. కౌరవసభ, పాలరాతి స్తంభాలు, బంగారు వెలుతురు, విశ్వరూపం అని తనకు తెలిసిన నాలుగు మాటలు కొట్టింది. కాసేపటికి బొమ్మ వచ్చింది.

నంజప్ప కళ్ళద్దాలు పెట్టుకుని ముఖం తెరకు ఆనించినంత పని చేశాడు.

"ఇది ఎవురు వేసినారు?"

"ఎవురూ వేయలేదు నాయినా. మాటలు చెప్తే అదే వేస్తాది."

"ఈ స్తంభాలకు ఎన్ని దినాలు పట్టింది?"

"ఇప్పుడే కదా, నీ ముందరే వచ్చింది."

ఆయన ఒక్కొక్క స్తంభం మీదా వణికే వేలు పెట్టి చూశాడు. స్తంభానికి ఒక పక్క వెలుతురు, ఒక పక్క నీడ, నేల మీద దాని ప్రతిబింబం. ఆ ఒక్క వరస కోసం వెదురుబొంగుల నిచ్చెన మీద నిలబడి ఎన్ని రోజులు మెడ పట్టేసేదో ఆయనకే తెలుసు. ఆ ముఖంలో ఆశ్చర్యం, ఆ వెనకే ఏదో పోగొట్టుకున్న బాధ, రెండూ ఒకేసారి కనిపించాయి రంజితకు. చూపించి తప్పు చేశానా అనిపించింది. లాప్‌టాప్ మూసెయ్యబోయింది.

"కృష్ణుడు వద్దు" అన్నాడు నంజప్ప.

వంటింట్లో మిక్సీ ఆగిపోయింది. రేణుకమ్మ గడప దాకా వచ్చి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ లోపలికి పోయింది. ఎన్ని నెలలైందో ఆ మాట విని.

రంజిత ఉత్సాహంగా కొట్టింది. కౌరవసభ, కృష్ణుడు వద్దు. బొమ్మ వచ్చింది. నడిమధ్యలో కృష్ణుడు, ముందుకంటే పెద్దగా, చిరునవ్వుతో.

"వద్దన్నా కదా."

"ఉండు నాయినా, ఇంకోసారి." కృష్ణుడు అసలే వద్దు అని కొట్టింది. ఈసారి ఇద్దరు వచ్చారు.

"ఆ పిల్లనగ్రోవి వద్దు" అన్నాడాయన. సభలో కూర్చున్న ముసలివాళ్ళందరి చేతుల్లోకీ పిల్లనగ్రోవులొచ్చాయి. "నెమలీక వద్దు." సభలో నెమళ్ళు తిరగసాగాయి. "ఈడెవురూ వద్దు, నడిమి జాగాలో ఎవురూ నిలబడొద్దు" అని ఆయన గట్టిగా అనేసరికి ఆ నడిమి జాగా సంతలాగ నిండిపోయింది. ఆయన వద్దంటున్నాడు, అది తెస్తోంది. ఇద్దరిలో ఎవరిది మొండితనమో చెప్పడం కష్టం.

రేణుకమ్మ చట్నీ గిన్నె పట్టుకుని వచ్చి వెనక నిలబడి చూసింది. "పేరు పెట్టి పిలుస్తారు, వచ్చినాక రావొద్దంటారు. ఎట్లప్పా మరి? ఆ దేవునికేం తెలుస్తాది?"

నవ్వుతూనే అంది గానీ రంజిత ఆ మాట పట్టుకుంది. నిజమే కదా. ఇది పేర్లు వింటుంది, వద్దు అనే చిన్నమాటను అంతగా లెక్కపెట్టదు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలిసిందే. కానీ సోఫా బొమ్మలకు ఏం వద్దో చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. అక్కరలేనివాటి పేర్లు రాయడానికి వేరే గడి ఒకటి ఉంది. మరునాడు ఆ గడిలో కృష్ణుడి పేర్లన్నీ రాసింది. కృష్ణుడు పోయాడు. ఆయనతోపాటు సభలోని కళ అంతా పోయింది. భోజనాలైపోయాక కల్యాణమండపం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది బొమ్మ. సభికులు ఎవరి దిక్కు వాళ్ళు చూస్తూ కూర్చున్నారు.

"ప్రాణం లేదు" అన్నాడు నంజప్ప.

"నాయినా, దీనితో వద్దు అంటే లాభం లేదు. ఏం కావాలో చెప్పల్ల. నీ తెరలో ఏముండాదో అది చెప్పు, నేను కొడతా."

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. చెప్పనని మొండికేసే మనిషి కాదు పాపం, చెప్పడం చేతకాలేదు. జన్మలో ఎప్పుడూ చెయ్యని పని అది. "ఎట్ల చెప్పేది? వేస్తే వస్తాది" అని లేచి వెళ్ళిపోయాడు.

వారం మధ్యలో బసవరాజు ఫోన్ చేశాడు. ఎల్‌ఈడీ గోడవాళ్ళు బొమ్మలన్నీ ముందుగా అడుగుతున్నారు, శనివారంలోగా కాకపోతే ఆ కండల కృష్ణుణ్ణే పెట్టేస్తాం, ఏమనుకోవద్దన్నా అన్నాడు. నంజప్ప ఫోన్ పెట్టేసి షెడ్డు తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. రంజిత ఆఫీసు నుంచి వచ్చి చూసేసరికి షెడ్డులో గోడకు పాతబట్ట బిగించి ఉంది. ఆయన కుంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. బట్ట మీద ఒక స్తంభం గీత. పైన తిన్నగా మొదలై, కిందికి దిగేకొద్దీ అడ్డదిడ్డంగా పోయింది. పక్కన ఇంకోటి, ఇంకోటి, అన్నీ అంతే. గుమ్మం దగ్గర రేణుకమ్మ ముఖం పక్కకు తిప్పుకుని నిలబడింది.

నంజప్ప కుంచె కింద పెట్టి రంగుడబ్బా మీద కూర్చున్నాడు. "ఇంగ అయిపోయింది పాపా. ఆ తెర నాతోనే పోతాది."

రంజితకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. ఎన్నాళ్ళ నుంచి లోపల ఉందో ఆ కోపం. "పోనీ. నీ లోపల ఏముండాదో నువ్వు చెప్పవు. అమ్మకు చెప్పవు, నాకు చెప్పవు. నాకు నీ గురించి తెలిసిందంతా నీకు ఏం వద్దో అది ఒకటే. ఏం కావల్నో ఎప్పుడన్నా చెప్పినావా నాయినా? ఒక్కసారన్నా?"

ఆయన తల ఎత్తలేదు. రేణుకమ్మ "సుమ్నె ఉండవే" అని ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపింది. షెడ్డులో పాత రంగుల వాసన. బయట ఎవరో బండి మీద బట్టల మూటలు దింపుతున్నారు.

రంజిత నేల మీద తండ్రి ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుంది. ఏం కావాలని అడిగితే చెప్పలేడు. ఇంకోరకంగా అడగాలి.

"సరే. బసవరాజు లేచి నిలబడినాడు. సభలో ఉన్నోళ్ళు ఏం చేస్తా ఉండారు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"కండ్లకు చేతులు అడ్డం పెట్టుకుంటా ఉండారు."

"ఎందుకు?"

"వెలుతురు. ఓర్సుకోల్యాకుండా ఉండారు."

"ఎట్లాంటి వెలుతురు? బంగారమా?"

"బంగారం నగల అంగట్లో ఉంటాది. పచ్చి పసుపుకొమ్ము విరిస్తే లోపల ఉంటాది సూడు, ఆ రంగు. నడుమ అది. గోడల దిక్కు పోతా పోతా వంకాయరంగు అవుతాది. నీడలన్నీ గోడల దిక్కే పరిగెత్తల్ల."

రంజిత కొడుతోంది. ఆయన కుడిచెయ్యి దానంతటది లేచి గాలిలో కదలసాగింది. వణుకుతూనే కదిలింది.

"స్తంభానికొక దీపం ఉండాది. గాలి లేదు. అయినా మంటలన్నీ నడిమి దిక్కు వంగుతా ఉండాయి. కట్టేసేదానికి తెచ్చిన తాళ్ళు నేల మింద పడిండాయి, పూలదండల మాదిరి చుట్టుకోని. తెచ్చినోడు వాటిని సూసుకుంటా ఉండాడు, తనేం తెచ్చినాడో తనకే తెలీనట్ల."

"ఇంకా?"

"సింహాసనం మింద గుడ్డిరాజు. ఆయప్ప ఒక్కడే చేతులు అడ్డం పెట్టుకోడు. పుట్టి ఎప్పుడూ ఏమీ సూడనోడు. ఇప్పుడు సూస్తా ఉండాడు. రెప్ప వేస్తే యాడ పోతాదో అని వేయకుండా ఉండాడు."

రంజిత వేళ్ళు ఆగిపోయాయి. ఈ మనిషి ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో అన్నం తిన్నాడు, వక్కాకు వేసుకున్నాడు, వానలో తిరగొద్దన్నాడు. లోపల ఇదంతా పెట్టుకుని తిరిగాడు. ఆమె తండ్రిని కాదు, తలుపు తీసిన గర్భగుడిని చూస్తున్నట్టు చూసింది.

"నడుమ ఏముండాది నాయినా?" అంది మెల్లగా.

"నేల. రాతినేల. ఇప్పుడే తడిబట్టతో తుడిచినట్ల ఉండాది. వెలుతురు పైనుంచి రాదు, ఆ రాతి లోపలినుంచి వస్తాది. అంతే పాపా."

ఆయన కళ్ళు తెరిచాడు. రంజిత తను రాసుకున్నది మొత్తం చదువుకుంది. అందులో కృష్ణుడి పేరు ఒక్కసారి కూడా రాలేదు. వద్దు అనే మాట కూడా ఎక్కడా లేదు.

అంతా ఒకేసారి పోస్తే మాత్రం బొమ్మ కలగాపులగమైంది. దీపాలు పెద్దవై, మనుషులు చిన్నవాళ్ళైపోయారు. రంజిత తండ్రికి విడమరిచి చెప్పింది. ముందు చెప్పిన మాటకు ఇది ఎక్కువ విలువ ఇస్తుంది, చివర చెప్పింది సగం వింటుంది. అందుకని కొన్ని మాటలు ఏరుకోవాలి, వాటిని వరసలో పెట్టాలి.

నంజప్పకు ఈ సంగతి ఇట్టే అర్థమైంది. "మొదట పూసిన రంగే కడదాకా తెలుస్తాది. తెర కూడా అంతే" అన్నాడు. "ముందర వెలుతురు పెట్టు. తరువాత చేతులు అడ్డం పెట్టుకున్న ముఖాలు. తరువాత రాజు. దీపాలు, తాళ్ళు ఎనక."

ఆ సాయంత్రం, ఆ తర్వాతి సాయంత్రం ఇద్దరూ అదే పని. పసుపుకొమ్ము లోపలి రంగు అంటే దానికి సరిగా తెలియలేదు. కుంకుమపువ్వు నానబెట్టిన పాలరంగు అంది రంజిత. కాదన్నాడు. తుమ్మబంక అంది, ఎండలో పెట్టిన తుమ్మబంక. ఆయన ఆలోచించి ఊ అన్నాడు. వచ్చిన వెలుతురు చూసి ముఖం విప్పారింది. ఆశ్చర్యపోవడమని ఒక మాట చూసి, అది తీసేసి, ఊపిరి బిగపట్టి అని పెట్టించాడు. ముఖాలు మారిపోయాయి. ఒక్క మాట మారితే నూరుమంది ముఖాలు మారడం చూసి ఆయన చిన్నపిల్లవాడిలాగ మళ్ళీ మళ్ళీ మార్పించాడు. రంజిత తన వైపు నుంచి ఒకటి కలిపింది. నేల మీద కూర్చుని పైకి చూస్తున్నట్టు ఉండాలి అని.

"ఎందుకు?"

"నాటకం చూసేవాళ్ళు కింద చాపల మీద కూర్చోనుంటారు కదా. వాళ్ళు కూడా ఆ సభలోనే ఉన్నట్టుంటాది."

నంజప్ప కూతురి వైపు చూశాడు. "అది బాగుండాది" అన్నాడు.

రంజిత వెంటనే తల వంచుకుని ఏదో కొడుతున్నట్టు నటించింది. కళ్ళ ముందు అక్షరాలు కనపడలేదు. ఎంత వయసొస్తేనేం, ఆ మాట కోసం ఎంతకాలంగా కాచుకుని ఉందో ఆమెకు ఆ క్షణం దాకా తెలియదు.

అప్పుడు వచ్చింది ఆ బొమ్మ. వెలుతురు నేల లోపలినుంచి పొంగి, ముఖాల మీదుగా పాకి, గోడల దగ్గర వంకాయరంగులో కలిసిపోతోంది. నూరు చేతులు కళ్ళకు అడ్డం లేచాయి. దీపాలన్నీ నడిమికి వంగాయి. ఆ చేతుల మధ్య ముసలిరాజు ఒక్కడే నోరు కొద్దిగా తెరిచి, కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. అందరూ ఒకే చోటికి తిరిగి ఉన్నారు. ఆ చోట రాతినేల తప్ప ఇంకేమీ లేదు. నంజప్ప రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఇది నా తెర కాదు, నా తెరకంటే ముందు నేను చూసింది ఇది, అన్నాడు చివరికి.

ఒక సభికుడికి ఆరు వేళ్ళు వచ్చాయి. సరిచేస్తానంది రంజిత. "ఉండనీలే. అంత సూసినోడికి ఏళ్ళు ఎన్నుంటే ఏమి" అన్నాడాయన.

రేణుకమ్మ తడిచేతులతోనే వచ్చి నిలబడింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కాసేపు చూసి గొంతు తగ్గించి "ఎవురో వస్తా ఉండారు కదా ఈడికి" అంది. చేతులు తుడుచుకోకుండానే దండం పెట్టింది.

బసవరాజుకు మాత్రం ఫోన్‌లో చూసి గుండె జారింది. "అన్నా, ఇందులో ఎవురూ లేరే. నడుమంతా ఖాళీగా ఉండాది."

"ఆ జాగా నీది" అన్నాడు నంజప్ప. "పోయి నిలబడు."

ఆదివారం సాయంత్రం చందాపురలో, ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక మైదానంలో నాటకం. మర్నాడు మొదటి షిఫ్టు ఉందని మూడు గంటల్లో ముగించేట్టు కుదించారు. చాపల మీద ఆడవాళ్ళు, పిల్లలు, యూనిఫామ్ విప్పకుండానే వచ్చిన సెక్యూరిటీవాళ్ళు. వేదిక వెనక ఎల్‌ఈడీ గోడ. దాన్ని అద్దెకు తెచ్చిన శామ్యూల్ ఒంగోలువాడు. బొమ్మలు మార్చే లాప్‌టాప్‌ను జనానికి ముందు, ఒక బల్ల మీద పెట్టించాడు. ఏ ఘట్టానికి ఏ బొమ్మో రంజితకే బాగా తెలుసని మీట ఆమె చేతికే ఇచ్చాడు.

నంజప్ప బస్సు దిగగానే తిన్నగా వేదిక వెనక్కి నడిచాడు. అక్కడ వైర్లు, ఇనుపచట్రాలు, రొద చేస్తున్న ఫ్యాన్లు తప్ప ఇంకేమీ లేవు. బొంగులు లేవు. తెర దింపడానికి తను పట్టుకునే తాళ్ళు లేవు. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడితే శామ్యూల్ చూశాడు. "ఇక్కడ మీకు పనేం లేదండీ. ముందుకెళ్ళి హాయిగా కూర్చుని చూడండి" అన్నాడు మర్యాదగా. ఆ మాటకు నంజప్ప ముఖం చిన్నబోయింది. రంజిత లేచివెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బల్ల దగ్గర తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన కుర్చీ అంచునే కూర్చున్నాడు.

నాటకం నడిచింది. ఒకాయన పద్యం మరిచిపోయాడు, ఒకాయన మీసం ఊడింది, జనం ఈలలు వేశారు. కృష్ణుడు సభకు వచ్చాడు. మాటలు పెరిగాయి. తాళ్ళు తీసుకుని నలుగురు మీదికి వచ్చారు. హార్మోనియం ఆయన గొంతెత్తి విశ్వరూపం పద్యం అందుకున్నాడు. బసవరాజు ఒక్క అడుగు వెనక్కి వేసి, వేదిక నడిమధ్య నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు.

రంజిత మీట నొక్కింది.

గోడంతా ఒక్కసారిగా లోపలినుంచి వెలిగింది. ఆ వెలుతురు వేదిక దాటి, చాపలు దాటి, మైదానం చివర నిలబడ్డవాళ్ళ ముఖాల మీద పడింది. బొమ్మలో చేతులన్నీ అడ్డం లేచి ఉన్నాయి. దీపాలన్నీ వంగి ఉన్నాయి. అవన్నీ బసవరాజు వైపే ఉన్నాయి. వారం పొడుగునా లేత్ మీద ఇనుము చెక్కే మనిషి, బొజ్జ ఉన్న మనిషి, నీలంరంగు పూసుకున్న మనిషి ఆ నేల మీద నిలబడితే, అతని చుట్టూ అంచు వెంట వెలుతురు పాకింది. అతను పెద్దవాడైపోయాడు. ఎట్లా అయ్యాడో ఎవరికీ తెలియదు. ఈలలు వేసినవాళ్ళు ఆగిపోయారు. పిల్లను ఎత్తుకున్న ఒకామె నిలబడిపోయి, కూర్చోవడం మరిచిపోయింది. ముందువరసలో ఒక ముసలాయన నిజంగానే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ బొమ్మకు ప్రతి మాటా రంజితే కొట్టింది. అయినా ఆమెకు ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. కృష్ణుణ్ణి ఎవరూ రాయలేదు, ఎవరూ వెయ్యలేదు. ఆయన మాత్రం వచ్చి నిలబడ్డాడు.

పద్యం ముగింపుకొచ్చింది. ముగియగానే బొమ్మ మారాలి, తర్వాత ఘట్టం యుద్ధభూమి. రంజిత మీట మీద వేలు పెట్టింది.

ఆ వేలి మీద ఇంకో చెయ్యి పడింది. వణుకుతున్న చెయ్యి.

నంజప్ప ఆమె వైపు చూడటం లేదు. కళ్ళ నుంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు. "ఉండనీ పాపా" అన్నాడు. "ఇన్నేండ్లూ ఎనక నిలబడి తాడు పట్టుకున్నోణ్ణి. ముందరనుంచి ఎప్పుడూ సూడల్యా. ఇంగ కొంచేపు ఉండనీ."

రంజిత వేలు తీసేసింది. వేదిక మీద బసవరాజు ఎత్తిన చేతులు దించలేదు. హార్మోనియం ఆయన బొమ్మ మారకపోవడం చూసి, ఇటు తిరిగి నంజప్ప ముఖం చూసి, పద్యం మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.